ఫీజు పోలేదు, తీగ పోయింది

రెండు వారాలపాటు మా కారులో చేపల వాసన.

అంతకుముందు ఆదివారం రాంనగర్ చేపల మార్కెట్‌కి వెళ్లిన మాట నిజమే, తిరిగొచ్చేటప్పుడు సంచీ కారిన మాటా నిజమే. కాబట్టి నేరం కొర్రమీను మీదికి పోయింది. మా ఆవిడ డిక్కీలో షీటు తీసి సబ్బునీళ్లతో కడిగింది, నిమ్మచెక్కలు రుద్దింది, బొగ్గుముక్కలు గుడ్డలో మూటకట్టి సీటు కింద పెట్టింది. వాసన పగలు ఉండేది కాదు. రాత్రి బండి తీస్తేనే వచ్చేది. ఆ ఒక్క ముక్క దగ్గర నేను ఆగి ఉంటే ఇదంతా రాసే పని తప్పేది. చేపలకి పగలూ రాత్రీ తేడా ఏముంటుంది? హెడ్‌లైట్లకి ఉంటుంది.

స్విచ్చుల్లో, తీగల్ని కలిపే కనెక్టర్లలో వాడే కొన్ని రకాల ప్లాస్టిక్ బాగా వేడెక్కితే పొగ కన్నా ముందు చేపల కంపు కొడుతుందట. ఈ సంగతి తర్వాత తెలిసింది. ముందు తెలిసింది మాత్రం పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మీద.

మేనల్లుణ్ణి శంషాబాద్‌లో విమానం ఎక్కించి వస్తున్నాం. ఆరాంఘర్ దగ్గర పైకెక్కి కాసేపు నడిచామో లేదో, హెడ్‌లైట్లు ఓసారి మిణుకుమని, మళ్లీ వెలిగి, పూర్తిగా ఆరిపోయాయి. స్టీరింగ్ కిందనుంచి అగరొత్తి పొగలా సన్నగా లేచింది. ఆ వంతెన మీదికి టూవీలర్లని రానివ్వరు. వచ్చేవన్నీ కార్లే, అన్నీ పరుగు మీద ఉన్నవే. 11.6 కిలోమీటర్ల పొడవునా దిగడానికి అక్కడక్కడ ర్యాంపులు తప్ప పక్కకి ఒదిగే చోటు పెద్దగా లేదు. కింద అత్తాపూర్‌లో అడ్రసు అడిగితే ఎవరైనా పిల్లర్ నంబరు చెబుతారు. పైన ఇరుక్కున్నవాడికి ఆ నంబర్లు కనబడవు. టోయింగ్ వాడు ఫోన్లో “ఏ పిల్లర్ కాడ ఉన్నరు సార్?” అని మూడుసార్లు అడిగాడు. నాకేం తెలుసు, నేను పిల్లరు నెత్తిమీద ఉన్నాను.

చేసిన మంచిపని ఒక్కటే. తాళం తీసి, బానెట్ ఎత్తి, పది నంబరు స్పానర్‌తో బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ ఊడదీశాను. పొగ ఆగింది. ఆ స్పానర్ పాత కారున్న ప్రతివాడి డ్యాష్‌బోర్డులోనూ ఉండాలి, వినాయకుడి బొమ్మ పక్కనే.

మా కారు 1997 నాటి మారుతి 800, కార్బురేటర్ మోడల్. మర్నాడు ఇంటికి దగ్గర్లో ఉన్న గ్యారేజీ కుర్రాడు స్టీరింగ్ కిందికి టార్చి కొట్టి చూసి ఒక్క నిమిషంలో తీర్పు చెప్పేశాడు. “షార్ట్ అయింది సార్. పాత బండి గదా, గంతే. డైరెక్ట్ జేస్తా. ఇర్వై నిమిషాల్ల తీస్కవోవచ్చు.”

డైరెక్ట్ అంటే తెలుసు కదా. దారిలో ఎక్కడో కరెంటు ఆగిపోతే ఆ దారిలో ఉన్న స్విచ్చు, ఫ్యూజు, కనెక్టరు అన్నిటినీ పక్కనపెట్టి, ఇటునుంచి అటు కొత్త తీగ లాగేయడం. బోరు మోటారు స్టార్టర్ పాడైతే డైరెక్ట్. ఆటోకి తాళంచెవి పోతే డైరెక్ట్. ఈ ఊళ్లో సగం యంత్రాలు డైరెక్ట్ మీదే నడుస్తున్నాయని నా అనుమానం. నేను వద్దన్నాను. ఏదో తెలిసి కాదు. ఆ పొగ ఎందుకొచ్చిందో చెప్పకుండా తీగ మారుస్తానంటే మనసొప్పక.

రెండో చోటు ఏసీ గదీ, కాఫీ మెషీనూ ఉన్న సర్వీస్ సెంటర్. అక్కడి అబ్బాయి చాలా మర్యాదగా, “వైరింగ్ మొత్తం మార్చాలండీ, కానీ ఆ సెట్టు ఇప్పుడు రాదండీ, ఎక్స్ఛేంజి ఆలోచించండి” అన్నాడు. రాకపోవడంలో వింతలేదు. బీఎస్-4 కాలుష్య నిబంధన వచ్చిన 2010 ఏప్రిల్‌లోనే హైదరాబాద్‌లో 800 అమ్మకం ఆగింది, 2014 జనవరిలో తయారీయే ఆగిపోయింది. నాకు కోపం తెప్పించింది అది కాదు. ఇరవై నిమిషాల్లో డైరెక్ట్ చేస్తానన్న కుర్రాడూ, మొత్తం మార్చాలన్న ఈ అబ్బాయీ చెప్పింది చివరికి ఒకటే: కాలిన చోటు మేం చూడం. ఒకడు దాన్ని దాటేస్తానన్నాడు, ఒకడు పారేస్తానన్నాడు.

కాలిన తీగని మార్చడం రిపేరు కిందికి రాదని నా వాదన. తీగ దానంతటది కాలదు. రాగికి ముసలితనం వచ్చి ఓ రాత్రి మండాలనిపించదు. దానిలోంచి పోకూడనంత కరెంటు పోయుండాలి, లేదా పోవాల్సిన కరెంటుకే ఎక్కడో దారి ఇరుకై ఉండాలి. ఈ రెంటిలో ఏదో తేల్చకుండా కొత్త తీగ వేస్తే, తర్వాత కాలేది ఆ కొత్త తీగే. అది తప్పించుకుంటే దాని పక్కది.

మూడో చోటు రాణిగంజ్‌లో ఓ సందు. బోర్డు లేదు. గోడకి వేలాడే పాత డైనమోలు, డాల్డా డబ్బాలో కనెక్టర్లు, డెబ్భై దాటిన ఒక చాచా. నేను నా ప్రతాపం చూపిద్దామని కోఠి గుజరాతీ గల్లీలో కొన్న డిజిటల్ మీటరు పట్టుకుపోయాను. హెడ్‌లైట్ల ప్లగ్గులు ఊడదీసి, బ్యాటరీ తగిలించి, స్విచ్చు వేసి, కాలిన కనెక్టరు అవతలివైపు మీటరు సూది గుచ్చాను. 12.4 వోల్టులు. “ఇదిగో చాచా, కరెంటు వస్తూనే ఉంది, తీగ బాగానే ఉంది. తప్పు ముందువైపు ఉంది” అన్నాను.

చాచా తన పరికరం తీశాడు. ఇండికేటర్‌లో వేసే 21 వాట్ల బల్బు, దానికి రెండు తీగలు, చివర రెండు క్లిప్పులు. ఒకటి బాడీకి, ఒకటి నేను గుచ్చిన చోటికే పెట్టాడు. బల్బు వెలగలేదు. నా మీటరులో 12.4 కాస్తా సున్నా దగ్గరికి జారిపోయింది. క్లిప్పు తీస్తే మళ్లీ 12.4.

“మీటర్ చూస్తది సాబ్, తినది. బల్బు తింటది” అన్నాడు.

ఈ ఒక్క మాటకి నేను ఎంత ఫీజైనా ఇచ్చేవాణ్ణి. మీటరు లోపలి నిరోధం పది లక్షల ఓములో, కోటి ఓములో ఉంటుంది. అది తాగే కరెంటు లేనట్టే లెక్క. తీగలో పోగులన్నీ తెగి ఒక్కటే మిగిలినా, ఆ ఒక్క పోగు చివర మీటరు నిండు వోల్టేజీ చూపిస్తుంది. కుళాయి మూసి ఉంటే సన్న పైపులోనూ నీటి ఒత్తిడి పూర్తిగానే ఉంటుంది, తిప్పాక కదా ధార ఎంతో తెలిసేది. అందుకే లోడు లేకుండా తీసిన కొలతని నమ్మకూడదు. మీటరుతోనే చూడాలంటే లైట్లు వేసి ఉంచి, ఒక సూది తీగ ఈ చివర, రెండోది అదే తీగ ఆ చివర పెట్టాలి. వోల్టులో పదింట ఒక వంతు, రెండు వంతులు వస్తే పరవాలేదు. అర వోల్టు దాటిందంటే ఆ రెండు సూదుల మధ్య ఎక్కడో దొంగ ఉన్నట్టే.

తర్వాత చాచా షార్ట్ ఉందా లేదా చూశాడు. హెడ్‌లైట్ల ప్లగ్గులు రెండూ ఊడదీసే ఉంచి, ఫ్యూజు పీకి, దాని గడిలో అదే బల్బు తగిలించాడు. తీగ ఎక్కడైనా బాడీకి అంటుకుంటే ఆ బల్బు దివ్యంగా వెలుగుతుంది. అప్పుడు తీగల కట్టని అక్కడా ఇక్కడా కదుపుతూ పోతే, ఏ చోట కదిపినప్పుడు బల్బు ఆరుతుందో అక్కడే రాపిడి. బల్బు అడ్డు ఉంది కాబట్టి రెండు ఆంపియర్లు కూడా దాటవు, ఏదీ కాలదు. ఫ్యూజు మీద ఫ్యూజు మాడ్చుకుంటూ వెతికేవాళ్లు ఇది నేర్చుకుంటే బాగుణ్ణు. మా బండిలో బల్బు వెలగలేదు. అంటే షార్ట్ లేదు. మొదటి కుర్రాడి తీర్పు అక్కడికక్కడే కొట్టుడుపోయింది.

మరి ఏమైంది? చాచా కనెక్టరు విప్పి నా చేతిలో పెట్టి చదవమన్నాడు. నిజంగానే చదవొచ్చు. తీగ పొడవునా ఒకేలా ఉబ్బి, తొక్క కారిపోయి ఉంటే మోయలేని కరెంటు మోసిందని. ఫ్యూజు లేదనో, పెద్ద ఫ్యూజు ఉందనో అర్థం. ఒక కొసన మాత్రమే మాడి, అక్కణ్ణుంచి రెండంగుళాల తర్వాత తీగ కొత్తదానిలా ఉంటే తప్పు తీగది కాదు, ఆ కొసన ఉన్న అతుకుది. మాది రెండో రకం. ఆరు పిన్నుల కనెక్టర్‌లో ఒక్క పిన్ను నల్లబడి, దాని చుట్టూ తెల్ల ప్లాస్టిక్ బెల్లం రంగులోకి తిరిగి కరిగింది. మిగతా అయిదూ తళతళలాడుతున్నాయి.

ఇక్కడ నా పాపం బయటపడింది. 2006లో మేం నెలకోసారి సూర్యాపేట వెళ్లేవాళ్లం. విజయవాడ రోడ్డు అప్పటికి నాలుగు వరుసలు కాలేదు. రాత్రిపూట ఎదురుగా లారీ వస్తే రోడ్డంచు కనపడేది కాదు. ఓ మిత్రుడి సలహాతో కంపెనీ ఇచ్చిన 60/55 వాట్ల (బ్రైట్‌లో 60, డిమ్‌లో 55) బల్బులు తీయించి 100/90 వేయించాను. రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని నడిపే స్విచ్చు, పెట్టాలా అని షాపువాడు అడిగితే, అదో వంద గుంజడానికి అంటున్నాడనుకుని వద్దన్నాను. అదే రోజు, అదే లైను నుంచి, గేదెల్ని చెదరగొట్టే జంట హారన్లు కూడా.

లెక్క చూడండి. డిమ్‌లో 55 వాట్లవి రెండు, మొత్తం 110; 12 వోల్టులతో భాగిస్తే 9 ఆంపియర్ల పైచిలుకు. 90 వాట్లవి రెండైతే 15 ఆంపియర్లు. కరెంటు ఒకటిన్నర రెట్లు దాటింది, అంతేగా అనిపిస్తుంది. కానీ వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, కాబట్టి అది రెండున్నర రెట్లు దాటింది. ఈ కరెంటు అంతా 800లో స్టీరింగ్ కింది స్విచ్చు గుండా, ఆ పిన్ను గుండా పోవాలి. పిన్ను కొత్తగా, బిగువుగా ఉన్నన్నాళ్లు భరించింది. వేడికి ఇత్తడి స్ప్రింగు బిగువు తగ్గుతుంది. బిగువు తగ్గితే ఆనిక తగ్గుతుంది, నిరోధం పెరుగుతుంది, ఇంకా వేడెక్కుతుంది. దానికి తోడు మన సెల్లార్ల చెమ్మ, మసి. ఆ అతుకు దగ్గర నిరోధం ఓములో పదోవంతుకి చేరిందనుకుందాం. 15 ఆంపియర్ల వర్గం 225, దాన్లో పదోవంతు 22.5 వాట్లు. రేడియో రిపేరువాడు సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. అలాంటిదాన్నొకదాన్ని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, మోకాలికి జానెడు దూరంలో, ప్రతి రాత్రీ వెలిగించుకుని తిరిగానన్నమాట.

అన్నిటికన్నా సిగ్గుపడాల్సిన సంగతి: ఆ అతుకు దగ్గరే వోల్టున్నర పోయింది. బల్బు వెలుగు వోల్టేజీ కన్నా చాలా వేగంగా పడిపోతుంది, ఆ వోల్టున్నరకే మూడోవంతుకి పైగా. కంపెనీ బల్బులు ఇచ్చే వెలుగునే, తీగల్ని మాడ్చుకుంటూ, ఎక్కువ కరెంటు తగలేసి తెచ్చుకున్నాను.

ఫ్యూజు ఎందుకు పోలేదని అడగాలి మీరు. నేనూ అడిగాను. మన తెలుగు ఇళ్లలో దాన్ని ఫీజు అంటారు. చిన్నప్పుడు మా ఇంట్లో పింగాణీ కటౌట్లు ఉండేవి. ఎండాకాలం కూలర్ వేస్తే ఫీజు కొట్టేసేది. ఒకసారి ఫీజు తీగ అయిపోయి మా నాన్న వైరులోంచి నాలుగు రాగి పోగులు పీకి చుట్టాడు. ఆ వేసవంతా ఫీజు కొట్టేయలేదు. కూలర్ ప్లగ్గే కరిగి బోర్డుకి అంటుకుపోయింది. ఫ్యూజు బల్బుని కాపాడుతుందని మనం అనుకుంటాం. అది కాపలా కాసేది తీగకి. అదీ కరెంటు మీద మాత్రమే దాని కన్ను. 15 ఆంపియర్లు పోతున్నాయంటే దానికి 15 అనే తెలుసు. ఆ దారిలో ఒక అతుకు నిప్పుకణికలా ఉందని తెలీదు. వదులు అతుకు నిజానికి కరెంటుని కాస్త తగ్గిస్తుంది. కాబట్టి ఫ్యూజు ఇంకా హాయిగా నిద్రపోతుంది. పైగా మా బండిలో నీలం ఫ్యూజు, అంటే 15, ఉండాల్సిన గడిలో పసుపుపచ్చది, అంటే 20, కూర్చుని ఉంది. ఎవరు ఎప్పుడు వేశారో తెలీదు. ఒకసారి దారిలో ఫ్యూజు పోతే వేయించిన గుర్తుంది. ఏ రంగు వేశారో చూడలేదు, బండి కదిలింది చాలనుకున్నాను.

కట్ట విప్పుతుంటే ఇంకో చరిత్ర బయటపడింది. నల్ల టేపు కింద, ఎప్పటిదో ఒక డైరెక్ట్: ఇంటి వైరింగ్‌లో వాడే ఆకుపచ్చ తీగ, కారు తీగకి మెలేసి చుట్టి ఉంది. ఇళ్ల తీగలో లావు పోగులు కొన్నే ఉంటాయి, గోడలో కదలకుండా పడి ఉండటానికి. కారు తీగలో సన్న పోగులు చాలా ఉంటాయి, రోజంతా అదురుతూ ఉండాలి కాబట్టి. ఆ ఆకుపచ్చ తీగ మెలిక దగ్గర సగం పోగులు తెగి ఉన్నాయి. టేపు జిగురు మన ఎండలకి కారి, దుమ్ము పట్టి, జిడ్డు ముద్దయింది.

నా వాదనకి ఇంకా గట్టి సాక్షి మా బాబాయిగారి ప్రీమియర్ పద్మిని. దానికి చోక్ తీగ మూడుసార్లు కాలింది. చోక్ తీగ అంటే కరెంటు తీగ కాదు, డ్యాష్‌బోర్డు నుంచి కార్బురేటర్ దాకా వెళ్లే లాగుడు తీగ. అది కాలడమేంటని అందరూ నవ్వారు. మెకానిక్ మూడుసార్లూ కొత్తది వేశాడు, మూడుసార్లూ డబ్బులు పుచ్చుకున్నాడు. అసలు సంగతి, ఇంజన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ పట్టీ తుప్పుపట్టి తెగింది. ఇంజన్ రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది కాబట్టి ఆ పట్టీ పోతే స్టార్టర్ మోటారు లాగే వందకి పైగా ఆంపియర్లకి వెనక్కి వెళ్లే దారి ఉండదు. దొరికిన దారి చోక్ తీగ. పాపం అది ఎర్రగా కాలి, తన తొడుగుకే అతుక్కుపోయేది. మూడు చోక్ తీగలు బలయ్యాక నాలుగో మనిషి చూశాడు, ఒక పట్టీ మార్చాడు.

మూడుసార్లు ఎందుకు చూడలేదు? మెకానిక్‌ని తిట్టడం తేలిక. బాబాయిని అడిగితే నిజం చెప్పాడు: “చోక్ తీగకి బిల్లిచ్చాను. ఒక పూటంతా వెతికానని చెప్పి డబ్బులడిగితే ఇచ్చేవాణ్ణా?” నేనూ ఇచ్చేవాణ్ణి కాదు. డాక్టరు నాడి పట్టుకుని ఏం లేదు పొమ్మన్నా ఫీజు ఇచ్చి వస్తాం. ప్లీడరు నోటు చూసి పెదవి విరిచినా ఇస్తాం. మెకానిక్‌కి మాత్రం పార్టు మారిస్తేనే డబ్బు. పార్టు మార్చకుండా రెండు గంటలు బల్బు పట్టుకుని వెతికితే, “ఏం చేశావయ్యా, తీగ అతికావు అంతేగా” అంటాం. మరి వాడు డైరెక్ట్ చేయక ఏం చేస్తాడు? ఇరవై నిమిషాల బేరం వాడు కనిపెట్టింది కాదు, మనం నేర్పిందే. చాచాకి ఆ రోజు పార్టులకి ఇచ్చిన దానికన్నా వెతికినందుకు ఎక్కువిచ్చాను. ఆయన తీసుకోవడానికి ఇబ్బంది పడ్డాడు, లెక్క రెండుసార్లు అడిగాడు.

పని వివరం పెద్దగా ఏం లేదు. 60/55 బల్బులు మళ్లీ వచ్చాయి. బ్యాటరీ దగ్గర ఫ్యూజు, అక్కణ్ణుంచి లావు తీగ రిలేలో 30 నంబరు కాలికి, 87 నుంచి బల్బులకి. పాత స్విచ్చు తీగ 86కి, 85 ఎర్త్‌కి. ఇప్పుడు స్టీరింగ్ కింది పిన్ను మోసేది రిలే చుట్టని లేపేంత కరెంటు, ఆంపియర్‌లో చిన్న ముక్క. కాలిన తీగని చాచా కాలిన చోట కోయలేదు. ఇంకో జానెడు వెనక్కి, తొక్క తీస్తే రాగి ఎర్రగా మెరిసే దాకా వెళ్లి కోశాడు. నల్లబడ్డ రాగికి సీసం అంటదు. కొత్త పిన్ను నొక్కి, స్లీవ్ తొడిగి, టేపు చుట్టి, “టేప్ షోకుకే సాబ్” అన్నాడు.

పాత కారు మీద ఇంత ఖర్చు దేనికి, అమ్మేయొచ్చుగా అని మా బావమరిది రోజూ అంటాడు. నిజమే, పీవీసీ తొక్క పాతికేళ్లలో గట్టిపడుతుంది, వంచితే పెళుసుగా విరుగుతుంది, కాదనను. ఇంజన్ పక్కన ఉన్న తీగలు కొన్ని చాచా చెప్పి మార్చాడు. కానీ 1997లో కంపెనీ వేసిన తీగల్లో ఒక్కటీ తనంతట కాలలేదు. కాలింది నేను 2006లో మీద పెట్టిన బరువుకి, ఎవరో మార్చిన ఫ్యూజు సాక్షిగా. ఇదే పని కొత్త కారుకి చేసినా కాలుతుంది. మొన్న మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో రెండేళ్ల కారుకి ఓ కుర్రాడు ఎల్‌ఈడీ బార్ బిగిస్తున్నాడు. తీగ ఎక్కడ తగిలిస్తున్నావని అడిగాను. “డైరెక్ట్ అంకుల్” అన్నాడు.

హారన్ల పని ఇంకా అవలేదు. వాటికీ రిలే వేయాలి, అప్పటిదాకా మోగించొద్దు అన్నాడు చాచా. శుక్రవారం ఆయన దుకాణం తీయడు, శనివారం నాకు కుదరలేదు. వారం రోజులుగా హారన్ కొట్టకుండా బండి నడుపుతున్నాను. మెహదీపట్నం మీదుగా.